‘నక్కో’ అంటే నక్క కాదు, ‘హౌ’ అంటే ఆవు కాదు!
పట్నం మాటకు పల్లె చెవి పడే పాట్లు

హైదరాబాదు పోయి రావాలంటే జేబులో బస్సు చార్జీ ఉంటే చాలదు. అక్కడి మాటను పట్టుకునే చెవి కూడా ఉండాలి. షాద్‌నగర్ దాటి ఆరాంఘర్ చౌరస్తా వచ్చేసరికి పాలమూరు మనిషి చుట్టూ మాట మారిపోతుంది. అది సినిమాల్లో విన్న హిందీ కాదు. బడిలో చదివిన హిందీ అసలే కాదు. ఉర్దూ అందామంటే లక్నో మనిషి తల అడ్డంగా ఊపుతాడు. అది దక్కనీ. హైదరాబాదు గల్లీలో పుట్టిన పిల్లవాడికి ఉగ్గుపాలతో వచ్చే మాట. కొత్తగా వెళ్లిన వాడికి మాత్రం మొదటి రోజు తికమక, రెండో రోజు నవ్వు, మూడో రోజు అలవాటు.

సీతాఫలాల కాలంలో మన జిల్లా నుంచి గంపలకొద్దీ పండ్లు పట్నానికి పోతాయి. అలా గంప నెత్తిన పెట్టుకుని పాతబస్తీ గల్లీల్లో తిరిగే అమ్మ ఒకామె ఉందనుకోండి. మొదటి ఇంటి ముందు నిలబడి, ‘‘పండ్లమ్మా పండ్లు’’ అంటుంది. తడక వెనుక నుంచి, ‘‘నక్కో మా, నక్కో’’ అని జవాబు వస్తుంది. ఆమె ముఖం చిన్నబుచ్చుకుని రెండో ఇంటికి పోతుంది. అక్కడ కావాలా అని అడిగితే, ‘‘హౌ, హౌ’’ అంటారు. ఆమె గంప కింద పెట్టి, ‘‘ఇదేం పట్నమమ్మా! ఒకామె నక్క అంటది, ఒకామె ఆవు అంటది. మనిషి అనేటోళ్లే లేరా?’’ అని అడుగుతుంది.

పాపం, ఇద్దరిలో ఎవరూ ఆమెను ఏమీ అనలేదు. ‘నక్కో’ అంటే వద్దు. ‘హౌ’ అంటే అవును. ఈ రెండు మాటలు వచ్చిన వాడికి హైదరాబాదులో సగం బతుకు నడుస్తుంది. అయితే ఒక జాగ్రత్త అవసరం. ‘హౌ’ అంటే అవును గానీ, ‘హౌలా’ అంటే తిక్కమనిషి. రెండింటికీ మధ్య దూరం ఒక్క అక్షరమే. పొరపాటున ఎదుటివాడి ముఖం మీద ఆ అక్షరం కలిపితే, అవుననిపించుకోవలసిన చోట చెంప పట్టుకోవలసి వస్తుంది.

పరసోం ఎప్పుడు?

హిందీలో ‘కల్’ అంటే నిన్న కావచ్చు, రేపు కావచ్చు. ‘పరసోం’ అంటే మొన్న కావచ్చు, ఎల్లుండి కావచ్చు. ఇంతవరకు పుస్తకంలోనే ఉంది. హైదరాబాదు వాళ్లు ఆ పరసోంను ఇంకా సాగదీశారు. అక్కడ పరసోం అంటే గడిచిపోయిన ఏ రోజైనా సరే. మొన్న సోమవారం పరసోం. పోయిన రంజాన్ పరసోం. పెద్దకొడుకు పెళ్లి అయిన రోజు కూడా పరసోమే. ‘‘ఈ ఇల్లు ఎప్పుడు కట్టారు మియాం?’’ అంటే, పెచ్చులు ఊడుతున్న గోడకు ఆనుకుని, ‘‘అభీ పరసోం’’ అనగల ధీమా ఆ నగరానిదే.

రాబోయే కాలానికీ వేరే లెక్క ఉంది. ‘పాంచ్ మినిట్ మే ఆతౌం’ అని ఎవరైనా వెళితే, ఆ ఐదు నిమిషాల్లో ఒక చాయ్, ఒక ఉస్మానియా బిస్కెట్, నలుగురు దోస్తుల పలకరింపు కలిసి ఉంటాయి. పల్లె రైతు దీనికి కోపగించుకోనక్కరలేదు. ‘‘గీ పొద్దుగూకే యాల్లకు వస్త’’ అన్న మనిషి పొద్దు గూకి, దీపాలు ఆరిన తరువాత రావడం ఏ ఊళ్లో లేదు?

వంకాయ మీద పగ

హైదరాబాదు వంటల్లో బఘారే బైగన్‌కు ఉన్న పేరు అందరికీ తెలుసు. గుత్తివంకాయకు అది పట్నపు చుట్టం. కానీ అదే వంకాయ వంటింట్లోంచి గల్లీలోకి రాగానే మర్యాద పోగొట్టుకుంటుంది. ‘‘క్యా బైగన్ కే బాతాం కర్రే!’’ అంటే, ఏం వంకాయ మాటలు మాట్లాడుతున్నావు అని. అంటే పనికిమాలిన మాటలు. విసుగు వచ్చినా బైగన్, నమ్మకం కలగకపోయినా బైగన్. ఎకరం వంకతోట పెట్టిన రైతు వింటే మనసు నొచ్చుకోవలసిందే. ఈ మాట దోస్తుల మధ్య చెల్లుతుంది గానీ పెద్దల ముందు, అంతకుమించి ఆఫీసులో, అనకూడదు.

మరో మాట ‘హల్లూ’. నెమ్మదిగా అని అర్థం. బస్సు దిగుతుంటే, ‘‘హల్లూ ఉత్రో’’ అని ఎవరైనా అంటే, వెనక్కి తిరిగి ‘‘హలో’’ అని పలకరించకుండా మెల్లగా దిగాలి. పలకరింపు కోసం ఆగిన వాడిని వెనుక వాళ్లు తోసి దించుతారు. ఈ హల్లూ, పైన చెప్పిన నక్కో కూడా మరాఠీ నుంచి వచ్చి దక్కనీలో స్థిరపడిన మాటలు.

ఇక ‘ఖ’ సంగతి. అరబ్బీ నుంచి వచ్చిన ఒక ‘క’ ఉంది. గొంతు లోపలి నుంచి పలకాలి. హైదరాబాదు నోట అది ‘ఖ’ అయి కూర్చుంది. కలం ‘ఖలం’ అవుతుంది. దీని మీద ఉర్దూ వాళ్లలో పాత హాస్యం ఒకటి ఉంది. ‘తక్‌రీబ్’ అంటే వేడుక. హైదరాబాదు వారు పిలిస్తే అది ‘తఖ్‌రీబ్’ అవుతుంది. తఖ్‌రీబ్ అంటే విధ్వంసం. ‘‘మా ఇంట్లో విధ్వంసం ఉంది, కుటుంబంతో తప్పకుండా రండి’’ అని పిలిచినా, బిర్యానీ ఉంటుందని తెలుసు కనుక అందరూ వెళతారు.

మాట వారిది, నడక మనది

ఇంతవరకు నవ్వు. ఇక తెలుగువాడు ఒక్క నిమిషం ఆగి ఆలోచించవలసిన సంగతి ఉంది. దక్కనీ మాటలు ఉర్దూవే అయినా, వాటి నడకలో చాలా భాగం మన తెలుగు నడకే.

‘ఎందుకంటే’ అన్న మాటను చూడండి. హిందీలో దానికి ‘క్యోంకి’ అని వేరే మాట ఉంది. హైదరాబాదువాడు ‘కైకూ బోలేతో’ అంటాడు. కైకూ అంటే ఎందుకు, బోలేతో అంటే అంటే. ఎందుకు ప్లస్ అంటే, ఎందుకంటే! అచ్చంగా తెలుగు మాటకు ఉర్దూ చొక్కా తొడిగినట్టు ఉంది.

‘ఆయన వస్తాడట’ అనడానికి, ‘ఉనే ఆతా కతే’ అంటారు. ఆ చివరి ‘కతే’ మన ‘అట’. తాను చూడలేదు, ఎవరో చెబితే విన్నాను అని ఒక్క ముక్కలో చెప్పి తప్పించుకునే సదుపాయం తెలుగువాడికి ఉన్నట్టే హైదరాబాదు వాడికీ ఉంది. ‘వస్తా అని చెప్పిండు’ అన్నదానికి, ‘ఆతా బోల్కే బోల్యా’. ఇక్కడ ‘బోల్కే’ మన ‘అని’.

‘నేను ఇచ్చిన పైసలు’ అనే మాటను హిందీలో చెప్పాలంటే, ఏ పైసలైతే నేను ఇచ్చానో అవి అని తరచు చుట్టు తిరిగి వస్తారు. దక్కనీలో ‘మై దియే సో పైసే’ అంటే సరిపోతుంది. నేను, ఇచ్చిన, పైసలు. మాట వెనుక మాట, తెలుగు వరుసలోనే. ‘వద్దు’ అని ఒక్క మాటతో తోసేసే సుఖం కూడా హిందీలో లేదు. అక్కడ ‘నహీం చాహియే’ అని రెండు మాటలు కావాలి. దక్కనీలో ‘నక్కో’ అంటే పని అయిపోతుంది.

ఇది ఒకరోజులో జరిగినది కాదు. 1327 ప్రాంతంలో మహమ్మద్ బిన్ తుగ్లక్ ఢిల్లీ జనాన్ని దేవగిరికి తరలించాడు. వారితో వచ్చిన మాట ఇక్కడి మరాఠీ, కన్నడం, తెలుగు మాటల నడుమ వందల ఏళ్లు మసలింది. సంతలో బేరమాడింది, దర్గాల్లో బోధ చేసింది, సిపాయిల మధ్య తిరిగింది. పక్కింటివాళ్ల పలుకుబడి దానికి పట్టుకుంది. గోల్కొండ సుల్తానుల కాలానికి అది కవిత్వం చెప్పే భాష అయింది.

హైదరాబాదు నగరానికి 1591లో పునాది వేసిన మహమ్మద్ కులీ కుతుబ్ షా స్వయంగా దక్కనీ కవి. రాజుగారు రాశారు కదా అని కోటలు, కిరీటాల గురించే రాయలేదు. పండుగలు, పండ్లు, కూరగాయలు, వానల మీద రాశారు. మృగశిర వానలను ‘మిర్గ్’ పేరుతో పాడుకున్నారు. మన రైతు ‘మిరుగం’ కోసం మబ్బు వంక చూసినట్టే గోల్కొండ సుల్తాను కూడా చూశారన్నమాట. ఆయన తండ్రి ఇబ్రహీం కుతుబ్ షాను తెలుగు కవులు ‘మల్కిభరాముడు’ అని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి ‘తపతీ సంవరణోపాఖ్యానం’ ఆయనకే అంకితమిచ్చారు.

ఢిల్లీలో పండితులు పారసీలోనే కవిత్వం అల్లుతున్న కాలంలో దక్కనులో జనం మాటలో కావ్యాలు వచ్చాయి. వలీ అనే దక్కనీ కవి 1700లో ఢిల్లీ వెళ్లిన తరువాతనే అక్కడి వారికి ఈ మాటలో ఇంత అందం ఉందా అన్న ధ్యాస కలిగిందని ఉర్దూ సాహిత్య చరిత్ర చెబుతుంది. తరువాత కాలంలో ఆ ఉత్తరాది వారే దక్కనీని ‘విరిగిన ఉర్దూ’ అని నవ్వారు. తమ్ముడికి నడక వచ్చాక అన్న కాళ్లు వంకర అన్నట్టు ఉంది.

మన నోట వారి మాట

ఇచ్చిపుచ్చుకోవడం రెండు వైపులా జరిగింది. 1948 సెప్టెంబరు వరకు నిజాం రాజ్యంలో దఫ్తరు భాష ఉర్దూ. అందుచేత మన పొలం గట్ల మీద ఆ మాటలు ఇప్పటికీ మొలుస్తూనే ఉన్నాయి. పహాణీ, జమాబందీ, కౌలు, ఖరీఫ్, రబీ... ఇవి లేకుండా వ్యవసాయం గురించి నాలుగు మాటలు చెప్పడం కష్టం. అంతెందుకు, ‘రైతు’ అన్న మాటే అరబ్బీ ‘రయత్’ నుంచి వచ్చింది. మహబూబ్‌నగర్ అన్న పేరు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌ది. దవాఖాన, సడక్, తారీఖు, పరేషాన్, బరాబర్ అన్నవి పల్లె ముసలమ్మ నోట కూడా తెలుగు మాటలే. పరాయివని ఆమెకు చెబితే నమ్మదు.

నగరంలో వాడల పేర్లలోనూ ఈ కలగాపులగం కనిపిస్తుంది. రెండో నిజాం దగ్గర రేమండ్ అనే ఫ్రెంచి సేనాని ఉండేవాడు. 1798లో చనిపోయాడు. ‘మస్యూ రేమండ్’ అన్న పేరు జనం నోట నలిగి ‘మూసారాం’ అయింది. అదే నేటి మూసారాంబాగ్. రాముడూ కాదు, మూసీ నదీ కాదు. ఆరో నిజాం దగ్గర పనిచేసిన ఆబిద్ అనే ఆయన పెట్టిన దుకాణం పేరు మీద ఆబిడ్స్ వచ్చింది. ఎర్రగడ్డ గుట్ట మీద నవాబు ఫఖ్రుల్ ముల్క్ కట్టించిన భవనం పేరు ‘ఇరం మంజిల్’. ఇరం అంటే స్వర్గం. తెలుగువాడు గుట్ట రంగు చూసి ‘ఎర్రమంజిల్’ అన్నాడు. నవాబుకు స్వర్గం దక్కింది, మనకు ఎర్రమన్ను దక్కింది, ఇద్దరికీ తృప్తి.

నవ్వించిన వారు

తమ మాట మీద తామే నవ్వుకోగల గుండె హైదరాబాదు వారికి ఉంది. అందుకే అక్కడ హాస్య కవిత్వానికి ‘మజాహియా షాయిరీ’ అని పేరు పెట్టుకుని రాత్రంతా ముషాయిరాలు నడిపారు. 1962లో ‘జిందా దిలాన్-ఎ-హైదరాబాద్’ అనే హాస్యప్రియుల సంస్థ ఏర్పడింది. 1968 నుంచి ‘షగూఫా’ అనే హాస్య పత్రిక వెలువడింది. గుల్బర్గా వైపు నుంచి సులేమాన్ ఖతీబ్, హైదరాబాదు నుంచి గౌస్ ఖామఖా వంటి కవులు అత్తాకోడళ్ల తగవులు, ఇంటి ఖర్చులు, పేదవాడి బాధలు దక్కనీలోనే చెప్పారు. జనం కడుపుబ్బ నవ్వేవారు. నవ్వు ఆగాక కళ్లు తుడుచుకునేవారు. హాస్య రచయిత ముజ్తబా హుస్సేన్‌కు 2007లో పద్మశ్రీ వచ్చింది.

హిందీ సినిమాల్లో హాస్యనటుడు మహమూద్ 1965లో వచ్చిన ‘గుమ్‌నామ్’లో ఈ యాస పలికి దేశమంతా నవ్వించారు. ‘అంగ్రేజ్’ సినిమా చార్మినార్ దగ్గరి చాయ్ హోటల్ ముచ్చట్లను ఉన్నదున్నట్టు చూపింది. ఆ సినిమా మాటలు నగరంలో పిల్లలకు కంఠతా వచ్చాయి.

నవ్వు ఎప్పుడు చేదవుతుంది?

తమ మీద తాము నవ్వుకోవడం వేరు. ఒకరి మాట విని ఇంకొకరు వెక్కిరించడం వేరు. 1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత కోస్తా జిల్లాల నుంచి హైదరాబాదు వచ్చిన వారికి దక్కనీయే కాదు, తెలంగాణ తెలుగు కూడా వింతగా తోచింది. ‘జర ఆగు’ అంటే జ్వరం ఎవరికి వచ్చిందని చూశారట అన్న హాస్యం ఉంది. అది సరదాకే. కానీ చాలాకాలం తెలుగు సినిమాల్లో ఈ యాసను రౌడీకి, పనివాడికి, నవ్వించే బంటుకే ఇచ్చారు. నాయకుడికి ఇవ్వలేదు. దాంతో చదువుకున్న పిల్లలు తమ అమ్మ మాటను హాస్టల్ గడప బయటే విడిచిపెట్టి లోపలికి పోయే రోజులు వచ్చాయి.

బడి పలుకుల భాష కాదు, జనం పలుకుబడుల భాష కావాలని ప్రజాకవి కాళోజీ నారాయణరావు పట్టుబట్టినది ఇందుకే. 2014లో తెలంగాణ రాష్ట్రం వచ్చిన తరువాత ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుతున్నారు. ఇప్పుడు సినిమా నాయకుడు కూడా ఈ యాసలో దర్జాగా మాట్లాడుతున్నాడు. అయితే వెక్కిరింపు బాధ ఎరిగిన మనం, దక్కనీ విన్నప్పుడు అదే వెక్కిరింపు చేయకూడదు.

దవాఖానలో తప్పు వింటే

మాట తెలియకపోతే అన్ని చోట్లా నవ్వుతో పోదు. పల్లె నుంచి పట్నం పోయేవారిలో ఎక్కువమంది సరదాకు పోరు. దవాఖానకో, కూలికో పోతారు. ఉస్మానియా దవాఖానలో వరుసలో కూర్చున్న ముసలాయనను పక్కనున్న వార్డు మనిషి, ‘‘చక్కర్ ఆరే క్యా?’’ అని అడిగాడనుకోండి. కళ్లు తిరుగుతున్నాయా అని అర్థం. ముసలాయన చక్కెర జబ్బు సంగతి అడుగుతున్నాడనుకుని, ‘‘నాకు చక్కెర లేదు బిడ్డా’’ అంటాడు. కళ్లు తిరిగే మనిషి తిరగడం లేదని చెప్పినట్టు అవుతుంది.

‘‘గోలీ కల్ లియే క్యా?’’ అంటే, నిన్న మాత్ర వేసుకున్నావా అని. ముసలాయనకు కల్లు వినిపిస్తుంది. ‘‘అయ్యో, కల్లు ముట్టి ఏడాదైంది సారూ! మా ఇంటిదాన్ని అడుగుండ్రి’’ అని ఒట్టు పెడతాడు. ‘‘పేట్ మే దర్ద్?’’ అని కడుపునొప్పి సంగతి అడిగితే, ‘‘మాది పేట కాదు, పల్లె’’ అని ఊరు చెబుతాడు. వినడానికి నవ్వు వస్తుంది. కానీ మాత్ర వేసుకున్నదీ లేనిదీ తేలకుండా మందు రాస్తే ఆ నవ్వు ఇంటికి రాదు.

అర్థం కాని మాటకు తల ఊపడం మన వాళ్లకు పెద్ద అలవాటు. పెద్దచదువు వారి ముందు మళ్లీ అడగడానికి సిగ్గు. అడ్డా మీద నిలబడే కూలివాడు కూడా అంతే. రోజుకు ఎంత ఇస్తారు, ఎన్ని రోజుల పని అన్నది సగం అర్థమై, సగం అర్థం కాకుండానే ‘హౌ’ అంటాడు. సాయంత్రం లెక్క దగ్గర ఆ ఒక్క ‘హౌ’ ఎంత ఖరీదో తెలుస్తుంది. పైగా ఎదుటివాడు ‘పైసే పరసోం దేతౌం’ అన్నాడంటే, ఆ పరసోం ఏ తారీఖో అక్కడే తేల్చుకోవడం మంచిది.

అందుకని పట్నం పోయే ప్రతి ఒక్కరూ నక్కో, హౌ తరువాత నేర్చుకోవలసిన మూడో మాట ఒకటి ఉంది. ‘‘సమఝ్ మే నై ఆయా భాయ్, ఫిర్ సే బోలో.’’ అర్థం కాలేదు అన్నా, మళ్లీ చెప్పు అని. ఇది అన్నందుకు హైదరాబాదులో ఎవరూ చిన్నచూపు చూడరు. చెప్పిన మాటే ఇంకా గట్టిగా చెబుతారు. అప్పటికీ అర్థం కాకపోతే చేతులతో చెబుతారు. అదీ కాకపోతే చాయ్ హోటల్ నుంచి తెలుగు వచ్చిన మనిషిని పిలుచుకొస్తారు. ఆ వచ్చినవాడు పాలమూరు వాడే అయ్యే అవకాశం బాగా ఉంది. ఎందుకంటే, అదే, కైకూ బోలేతో, ఆ నగరంలో మేడలు కట్టిన చేతుల్లో మన జిల్లా చేతులు తక్కువేమీ కావు.